సప్పుడు లేని జాగకు రెండు జీపుల జనం

జనం లేని చోటు చెప్పమని అడిగే జనం ఈ మధ్య మా ఇంటికి ఎక్కువయ్యారు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాను కదా, మా కాలనీ పిల్లలు ఫోను పట్టుకుని వస్తారు. "అంకుల్, హిమాలయాల్ల క్రౌడ్ లేని ట్రెక్కు ఒకటి చెప్పుండ్రి. మీకు ఎరుకుంటది కద" అంటారు. వాళ్ల ఫోనులో అప్పటికే ఒక వీడియో సిద్ధంగా ఉంటుంది. అందులో ఒకాయన పచ్చికలో చేతులు చాపి నిలబడి, ఈ చోటు ఎవరికీ తెలియదని లక్షలమందికి చెబుతుంటాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "మస్తున్నది బిడ్డా, పోయిరా. ఆడ నీకు మన కాజీపేటోళ్లు కలుస్తరు" అంటాను. వాళ్లు నవ్వుతారు. పోయి వచ్చాక నవ్వరు.

నాకు నిజంగానే అలాంటి చోటు ఒకటి తెలుసు. ఉత్తరాఖండ్‌లో, ఒక కొండ అంచు మీద. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే వచ్చే దసరా సెలవులకు అక్కడ మనవాళ్ల బస్సులు రెండు ఆగుతాయి, పక్కనే మిర్చిబజ్జీల బండి కూడా వెలుస్తుంది. పేరు బదులు, అక్కడికి మేం ఎలా చేరామో చెబుతాను. ట్రెక్కు ప్లాన్ చేసే పిల్లలు శ్రద్ధగా చదవండి. ఎలా ప్లాన్ చేయకూడదో మొత్తం ఇందులో ఉంది.

హనుమకొండలో ఒక యాత్రల ఆఫీసులో నేను టూర్ మేనేజర్‌గా పనిచేసేవాణ్ని. మేనేజరంటే ఏసీ గది అనుకునేరు. చేతిలో ఎర్రజెండా, మెడలో విజిల్, మైకు అక్కరలేని గొంతు, ఇవే నా అర్హతలు. కాశీ ఘాట్ల మీద, హరిద్వార్ సందుల్లో మనవాళ్లు తప్పిపోకుండా నడిపించాలి. నేను విజిల్ ఊదితే మా బ్యాచే కాదు, పక్కనున్న గుజరాతీ బ్యాచ్ కూడా లేచి బ్యాగులు సర్దుకునేది. మాతోపాటు వంటమాస్టర్ వచ్చేవాడు. నిజం చెప్పాలంటే మా ఆఫీసుకు గిరాకీ దేవుడి వల్ల కాదు, ఆయన వల్లే. బదరీనాథ్ చలిలో కూడా మనవాళ్లకు అన్నం, పచ్చిపులుసు దొరకాలి. దేవుణ్ని దూరం నుంచి చూపించినా సర్దుకుంటారు గానీ, రెండు పూటలు వరసగా రొట్టెలు పెడితే ఒంటికాలి మీద లేస్తారు.

అలాంటి నా దగ్గరికి, అంటే జిల్లాలో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసే మనిషి దగ్గరికి, ఒకరోజు ఒక అక్క వచ్చి చప్పుడు లేని జాగ కావాలని అడిగింది.

అక్కది వరంగల్‌లో పవర్‌లూమ్‌లు నడిచే వీధి. పవర్‌లూమ్‌ని మావైపు సాంచె అంటారు. వాళ్ల ముందుగదిలోనే రెండు సాంచాలు. పెళ్లయిన నాటి నుంచీ భార్యాభర్తలిద్దరూ వాటి మీదే నేస్తున్నారు. అటు పక్కింట్లో సాంచాలే, ఇటు పక్కింట్లో సాంచాలే. ఆ వీధిలో ఎవరూ మాట్లాడరు, అరుస్తారు. చెవిలో చెప్పుకోవాల్సిన సంగతులు కూడా అరిచే చెప్పుకుంటారు. అందుకే అక్క నా టేబుల్ ముందు కూర్చుని నోరు తెరవగానే లోపలి గదిలో ఉన్న మా ఓనర్ ఏదో గొడవనుకుని బయటికొచ్చాడు.

"తమ్మీ, నా చెవులల్ల రాత్రింబగళ్లు ఒకటే సప్పుడు" అంది అక్క. "దవాఖానకు పోయినం. డాక్టర్ సారేమో అది బయటి సప్పుడు కాదు, చెవి లోపల్నే మోగుతాంది అంటడు. ఆయన గది కిందనే జనరేటర్ నడుస్తాంది. దాని మీద కూసోని నా చెవుల మోగుతాంది అంటె ఎట్ల నమ్మాలె?"

వెనక నిలబడ్డ ఆమె భర్త ముందుకొచ్చాడు. అక్క భర్త కాబట్టి నాకు బావే. ఆ వీధిలో మెల్లగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే అనుకుంటాను.

"వినుడు తగ్గుతాంది తమ్మీ. నేను వంటింట్లకెల్లి పిలిస్తె పలుకుతలేదు. సాంచాలు బందువెట్టకుంటె ఉన్నది గూడ పోతదన్నడు డాక్టర్. ఒకాయన రెండు సాంచాలు కొంటా అన్నడు. దీపావళి దాక ఆగు అన్న. ఈమె అమ్మనిస్తలేదు."

"ఎందుకమ్మాలె?" అక్క గొంతు పెరిగింది. "ఇన్నేండ్ల సంది అన్నం వెట్టినయ్ అవి. లోపల మోగేదైతె, అమ్మినా మోగుతది. మరి అమ్ముడెందుకు? బయటిదైతె చెప్పు, రేపే అమ్ముత. ముందుగాల ఏదో ఒకటి తేలాలె కద!"

వాళ్లిద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం అదన్నమాట. ఒక్క చప్పుడు కూడా లేని చోట అక్క కూర్చుని వినాలి. అక్కడ చెవుల్లో ఏమీ లేకపోతే సాంచాలు అమ్మేస్తారు. అక్కడా మోగితే సాంచాలు ఇంట్లోనే ఉంటాయి, నేత సాగుతుంది, చెవులు ఏమైతే అది అవుతాయి. అక్కడ ఏమీ వినపడకూడదని బావ ఎంతమంది దేవుళ్లకు మొక్కి ఉంటాడో ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

దానికి హిమాలయాలెందుకు, ఏ చేను గట్టు మీదో కూర్చోవచ్చు కదా అన్నాను.

"గా పని గూడ అయింది. రఘునాథపల్లి కాడ మా చెల్లె చేను ఉన్నది. ఆడ కూసుంటె హైవే మీద లారీలు. చెరువు కాడికి పోతె పిక్నికోళ్ల స్పీకర్లు. గుట్టెక్కితె పైన గుడి మైకు. ఇగ ఒక్క హిమాలయాలే మిగిలినయ్. మునులంత ఆడికే పోయిండ్రు కద, సప్పుడుంటె పోతరా?"

మునుల సంగతి నాకు తెలియదు. హిమాలయాలకు లెక్కలేనన్నిసార్లు పోయాను గానీ, హారన్ లేని హిమాలయాన్ని నేనెప్పుడూ చూడలేదు. అయినా సరే, దేవుడు లేని టూరు ఒక్కటైనా చేసి రిటైరవ్వాలని నాకూ బుద్ధి పుట్టింది.

ప్లాను బ్రహ్మాండంగా వేశాను, ఆ మాట ఒప్పుకోవాలి. మే, జూన్‌లలో చార్‌ధామ్ రద్దీ. దసరాకు బెంగాల్ వాళ్లు దిగుతారు. మంచు పడిందన్న కబురు అందితే ఢిల్లీ మొత్తం కార్లేసుకుని వస్తుంది. దసరా సెలవులు అయిపోయి దీపావళి ఇంకా రాని సందులో కొండలు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. వానలు ఆగి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, గొర్రెలు కూడా పై పచ్చికల నుంచి కిందికి దిగిపోయి ఉంటాయి. కాలం కుదిరింది. చోటు కోసం వెతికాను. పెద్ద గుడి ఉన్న దారి వద్దు, రోడ్డు వెడల్పు చేస్తున్న లోయ వద్దు, వీడియోల్లో కనిపించేది అసలే వద్దు.

చివరికి పాత పరిచయమున్న ఒక కొండ మనిషికి ఫోన్ చేశాను. ఆయన సొంత ఊర్లో రెండు మూడు గదులు అద్దెకిస్తూ, గైడుగా దారి చూపిస్తూ బతుకుతాడు. "మీ ఊర్లో ఏముంది?" అన్నాను. "ఏమీ లేదు సాబ్" అన్నాడు. "గుడి?" లేదు. "దుకాణాలు?" ఒకటుంది, అది కూడా మూసి ఉంటుంది. "జనం?" సగం మంది పట్నాలకు పోయారు. నా ఉద్యోగంలో ఎవరైనా ఏమీ లేదంటే సంతోషపడటం అదే మొదటిసారి. అక్కకూ బావకూ రోజూ పొద్దున్నే భద్రకాళి చెరువు బండ్ మీద నడక మొదలుపెట్టమని చెప్పి, ముగ్గురికి టికెట్లు చూడటం మొదలుపెట్టాను.

ఇక్కడ బావ ఒక పని చేశాడు. అది మనవాళ్లు మాత్రమే చేసే పని.

మావైపు దూరప్రయాణం పెట్టుకుంటే ఇంటి ఆడబిడ్డకు ముందు చెప్పాలి. చెప్పకపోతే పెళ్లికి పిలవకపోవడం కంటే పెద్ద తప్పు. బావ వాళ్ల అక్క కేసముద్రంలో ఉంటుంది. మా అక్కకు ఆవిడ వదినె. తర్వాత మా బ్యాచ్ మొత్తానికీ ఆవిడే కేసముద్రం వదినె అయింది. ఆవిడ భర్త మార్కెట్ యార్డులో పనిచేస్తాడు. యార్డులో పత్తి వేలంపాట నడుస్తున్నప్పుడు ఈవిడ భర్తను అన్నానికి పిలిస్తే పాట ఆగిపోతుందని చెప్పుకుంటారు. బావ ఫోన్ చేసి హిమాలయాలకు పోతున్నామని చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ దేవుడు?"

దేవుడు లేకుండా అంత దూరం పోతున్నామంటే ఎవరు నమ్ముతారు? చెవుల పరీక్షకు పోతున్నామని చెబితే చుట్టాలందరికీ పాకుతుంది. బావ కంగారులో, "శివుడక్కా" అన్నాడు.

"శివుని కాడికి పోతాండ్రా? మరి నేను రానారా?"

ఆవిడ తన వియ్యపురాలికి చెప్పింది. వియ్యపురాలు తన చెల్లెలికి చెప్పింది. రఘునాథపల్లిలో ఉండే అక్క చెల్లెకు కబురందింది, ఆమె అత్తగారు కూడా చలికోటు కొనేసింది. పదిరోజులు తిరిగేసరికి ఇద్దరి కోసం పెట్టుకున్న ఏకాంతం రెండు జీపులకు చేరింది. మా ఓనర్ ఆనందానికి అంతులేదు. వద్దన్నా వినకుండా 'మౌన హిమాలయ దర్శన యాత్ర' అని ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో కొండల కంటే ఆయన ఫొటో పెద్దది. రైలెక్కేముందు వరంగల్ స్టేషన్‌లో డప్పు కూడా పెట్టిస్తానన్నాడు. చేతులు పట్టుకుని బతిమాలితే మానుకున్నాడు.

ఇంతమంది అయ్యాక వంటమాస్టర్ తప్పలేదు. ఆయనకు సంగతంతా వివరించి, కుక్కర్ మాత్రం తేవద్దన్నాను, దాని విజిల్ వద్దని. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"సార్, మీదికి పోయినకొద్ది నీళ్లు జల్ది మసులుతయి గని బియ్యం ఉడకయ్. కుక్కర్ లేకుంటె పలుకే. పలుకు తిని మీ బ్యాచ్ మౌనంగ ఉంటదా?"

ఉండదు. కుక్కర్ రైలెక్కింది. నేను నా విజిల్‌ని మెడలోంచి తీసి ప్యాంటు జేబులో దాచుకున్నాను. పూర్తిగా ఇంట్లో వదిలి వెళ్లడానికి చేతులు రాలేదు.

రైలు ప్రయాణం గురించి ఒక్కమాటే చెబుతాను. కేసముద్రం వదినె దగ్గర ఒక ముచ్చట ఉంది. మార్కెట్ యార్డులో పత్తి ట్రాక్టర్ల లైనులో ఎవడు ఎవడి ముందు బండి పెట్టాడు, దాని మీద పంచాయితీ ఎలా అయింది, అందులో వాళ్లాయన ఏమన్నాడు అనేది. ఆ ముచ్చటకు మొదలుంది గానీ చివర లేదు. బల్లార్షా దాటేసరికి లైనులో మూడో ట్రాక్టరు దగ్గరున్నాం. భోపాల్‌లో కూడా అదే ట్రాక్టరు. వియ్యపురాలు నిద్ర నటించింది. మా అక్క చెవుల్లో దూది పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. వదినె మాత్రం ఏమీ అనుకోలేదు, ఎదురు సీటులో ఉన్న పంజాబీ ఆయనకు తెలుగులోనే మిగతాది చెప్పింది.

ఢిల్లీలో రైలు మారి, కొండ కింద దిగి, జీపుల్లో రోజంతా మెలికలు తిరిగి గైడు ఊరు చేరాం. నిజంగానే ఏమీ లేదు. హారన్ లేదు, మైకు లేదు, వీధిలో మనిషి లేడు. నా ప్లాను చూసి నాకే ముచ్చటేసింది. వచ్చినవాళ్లందరినీ గదుల్లోకి తోసి తలుపులేసి, అక్కను ఒక బండ మీదికి తీసుకుపోయాను.

"కూసో అక్కా. ఇను" అన్నాను పెళ్లి కుదిర్చినవాడిలా.

అక్క కూర్చుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"తమ్మీ, ఇది మా వీధి కంటె ఎక్కువున్నది. పది షెడ్లు ఒక్కపారి నడుస్తున్నట్టున్నది."

కింద నది. బండల మీద పడి విరుగుతూ, లోయ మొత్తం దద్దరిల్లిపోతూ. జనాన్ని లెక్కేశాను, హారన్లను లెక్కేశాను, గొర్రెల మెడలో గంటలను కూడా లెక్కేశాను. నది మాత్రం నా బుర్రకు తట్టలేదు. పిల్లలూ, మీరు ఫోనులో చూసే ఫొటోల్లో కొండ నది పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. ఫొటోకు చప్పుడుండదు. హిమాలయాల్లో నడకదారులు చాలా మటుకు నదుల పక్కనుంచే పోతాయి. ప్రశాంతత కోసం పోయి నది పక్కన డేరా వేసుకున్నవాడు రైల్వే ప్లాట్‌ఫాం మీద పడుకున్నట్టే.

నేను గైడు మీద విరుచుకుపడ్డాను. ఏమీ లేదన్నావు కదా, మరి ఇదేమిటన్నాను. నా హిందీ మన వరంగల్ హిందీ, అందులో సగం ఆయనకు అర్థం కాదు, కోపం మాత్రం అర్థమైంది. ఆయన కింద నది వైపు చూసి, మళ్లీ నన్ను చూసి, "అదా సాబ్? అది ఎప్పుడూ ఉండేదే కదా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి వింటున్న మనిషి. ఆయనకు నది వినపడటం మానేసి ఎన్నేళ్లయిందో. అక్క మాత్రం ఆ మాటకు నవ్వింది. "మా వీధోళ్లు గూడ గంతే. వచ్చినోళ్లు చెవులు మూసుకుంటె, ఏమైందని అడుగుతరు" అంది.

గైడే దారి చెప్పాడు. పైన కొండ అంచు మీద ఒక పచ్చిక ఉంది, పొద్దంతా ఎక్కాలి. అక్కడికి నది చప్పుడు రాదు. మధ్యాహ్నాలు గాలి విసిరి కొడుతుంది గానీ, తెల్లవారి ఎండ పూర్తిగా పడేదాకా ఆకు కూడా కదలదు. అక్కడే రాళ్లతో పేర్చిన చిన్న శివాలయం కూడా ఉంది. ఆ చివరి మాట విని బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఊర్లో దిగినప్పటి నుంచి వాళ్లక్క, "శివుడేడిరా?" అని అడుగుతూనే ఉంది. ఆయన ఉట్టిగానే చెప్పిన శివుడు పైన నిజంగానే ఉన్నాడు.

కానీ శివాలయమంటే గంట ఉంటుంది కదా.

మర్నాడు ఎక్కడం మొదలుపెట్టాం. కొంతమంది ఫోన్లలో పాటలు పెట్టుకున్నారు, కొంతమంది పాటలతో పోటీపడి మాట్లాడారు. ఎత్తు పెరిగేకొద్దీ ఒక్కొక్కరే నోరు మూశారు. భక్తి వల్ల కాదు, ఊపిరాడక. వదినె మాత్రం నాలుగడుగులకు ఒకసారి ఆగి, "అగో, గప్పుడు మూడో ట్రాక్టర్ వాడు ఏమన్నడంటే" అని, మళ్లీ ఊపిరి పీల్చుకుని నాలుగడుగులు వేసేది. సాయంత్రానికి పచ్చిక చేరాం. ఎండిపోయి గోధుమరంగుకు తిరిగిన గడ్డి, ఎదురుగా మంచుకొండల వరస, ఒక మూల గుండె ఎత్తు రాళ్ల గుడి. గుడి ముందు రెండు కర్రలకు అడ్డంగా మరో కర్ర, దానికి వేలాడుతూ ఒక ఇత్తడి గంట. వదినె గంటను చూసి రెండు చేతులూ జోడించింది. "పొద్దుగాల తానం జేసి కొడుత" అంది.

బావను పక్కకు పిలిచి, ఇక దాచి లాభం లేదు, అందరికీ చెప్పెయ్యమన్నాను.

డేరాల ముందు అందరం కూర్చున్నాం. అక్క వంటమాస్టర్ దగ్గర ఉల్లిగడ్డలు కోస్తోంది. బావకు నలుగురిలో మాట్లాడటం అలవాటు లేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు, ఎందుకొచ్చామో, పొద్దున ఏం తేలాలో. "మొన్న పోచమ్మ బోనాల నాడు వీధి మొత్తం డప్పులు మోగుతాంటె, డప్పులు ఇంక రాలేదా అని అడిగిందక్కా" అన్నాడు. "నాకు భయమైతాంది. ఇంట్ల ఇద్దరమే. నేను మాట్లాడేది ఆమె ఇనకుంటె నేనెవ్వలతోని మాట్లాడాలె?"

వదినె లేచి తమ్ముడి భుజం మీద ఒకటి చరిచింది.

"ముందుగాల్నే చెప్పొద్దారా నాకు? శివుడు గివుడు అని గీ అబద్ధాలెందుకు? చెప్తె నేను రాకపోదునా?" అని, అందరి వైపూ తిరిగింది. "ఇనుండ్రి. పొద్దుగాల ఎవ్వలన్న నోరు తెరిస్తె, గా గుట్ట మీదికెల్లి నేనే నూకుత."

ఉదయం వెలుగు ఇంకా పూర్తిగా రాకముందే అక్క పచ్చిక అంచున ఒక రాయి మీద కూర్చుంది, ఒంటి నిండా రగ్గు చుట్టుకుని. బావ కొంచెం దూరంలో కూర్చున్నాడు. మిగతా అందరం డేరాల ముందు మంకీ టోపీల్లో బొమ్మల్లా కూర్చున్నాం. వంటమాస్టర్ స్టవ్వు వెలిగించలేదు, కుక్కర్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, అది దానంతటదే కూస్తుందేమోనని భయపడుతున్నట్టు. రఘునాథపల్లి అత్తగారికి దగ్గొచ్చి, ఆపుకుని, ఆపుకుని, ముఖం వంకాయ రంగుకు తిరిగింది. అయినా దగ్గలేదు.

అప్పుడు తెలిసింది నాకు చప్పుడు లేకపోవడమంటే ఏమిటో. నా కడుపులో ఏదో కదలడం వినపడింది. పక్కనున్నాయన గుటక మింగడం వినపడింది. కాసేపటికి అవి కూడా ఆగిపోయాయి. బతుకంతా అరిచిన మనిషిని, నాకు ఆ నిశ్శబ్దం ఏమీ హాయిగా అనిపించలేదు. ఎవరో నా మీద దుప్పటి కప్పి అదిమినట్టుంది.

ఇంతలో గైడు చెప్పిన లెక్క తప్పింది. ఎండ మా దాకా రాకముందే చిన్న గాలి లేచింది. పచ్చికలో గడ్డి వంగింది. గుడి ముందు గంట మెల్లగా ఊగింది. ఊగి ఊగి, దాని నాలుక అంచుకు తగలబోతూ తగలబోతూ ఉంది. నేను లేచేలోపే ఎవరో గుడి వైపు పోవడం కనిపించింది.

కేసముద్రం వదినె. చెప్పులు విప్పేసి, మంచు పట్టిన గడ్డి మీద వట్టి కాళ్లతో, మోకాళ్ల నొప్పుల మనిషి, అడుగు చప్పుడు కాకుండా నడిచిపోయి, గంట లోపలికి చెయ్యి పెట్టి నాలుకను పిడికిట్లో పట్టేసుకుంది. చెయ్యి పైకెత్తి అలాగే నిలబడింది. ఆ చలిలో ఇత్తడి ఎలా ఉంటుందో ఊహించుకోండి. గంట కొట్టడానికే ఇంత దూరం వచ్చిన మనిషి ఆమె. గాలి ఆగింది, మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. వదినె చెయ్యి దించలేదు. ఎదురు కొండల మీద పడ్డ ఎండ మెల్లగా కిందికి దిగి, పచ్చిక దాటి, అక్క కూర్చున్న రాయి దాకా వచ్చింది.

అక్క లేచింది. అందరి చూపులూ ఆమె మీదే. బావ కూడా లేచాడు.

"ఉన్నదయ్యా" అంది. ఆమె అరవకుండా మాట్లాడటం నేను విన్నది అదే మొదలు. "లోపల్నే ఉన్నది. మన రెండో సాంచె. అది నాలుగు దెబ్బలు కొట్టి జర ఆగుతది కద, అచ్చం గట్లనే."

బావ ఉన్నచోటనే కూలబడ్డాడు. ఒప్పందం ఒప్పందమే. లోపల మోగితే సాంచాలు ఉంటాయి. నేను నేల చూపులు చూశాను. ఇంతమందిని ఇంత దూరం తోలుకొచ్చి ఆయన నెత్తిన బండ వేశానే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్క వచ్చి ఆయన పక్కనే గడ్డిలో కూర్చుంది.

"ఫోన్ కలుస్తదా ఈడ?" అంది. "కొంటా అన్నాయనకు చెప్పు. అమ్మేస్తం."

బావకు అర్థం కాలేదు. "లోపలిదైతె అమ్మనంటివి కద?"

"అంటిని. తలకాయల ఒక సాంచె బేఫికర్‌గ ఆడుతనే ఉన్నది. దానికి కరెంటొద్దు, నూలొద్దు. ఇగ ఇంట్ల ఇంకో రెండెందుకు?" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "గది కాదయ్యా. కండ్లు తెరిస్తె మీరంత ఉన్నరు. వదినె ఉన్నది, నువ్వున్నవ్, మా చెల్లె ఉన్నది. ఒక్కల మాట లేదు. గా సాంచె లొల్లి ఒక్కటే. చెవులు పోతె రోజు గిట్లనే ఉంటది కద. మీరంత ఉంటరు, నాకు దాని సప్పుడొక్కటే ఉంటది. మస్తు భయమైంది నాకు."

బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అంతమంది ముందు, మావైపు ఎవరూ అలా పట్టుకోరు. మేమంతా మాట్లాడే అలవాటు తప్పినట్టు ఇంకా మౌనంగానే కూర్చున్నాం. అక్కే అటూ ఇటూ చూసి, గుడి ముందు చెయ్యెత్తి నిలబడ్డ ఆడబిడ్డను చూసింది.

"వదినె, ఇంకెందుకు పట్టుకున్నవ్? కొట్టు. జర గట్టిగ కొట్టు."

వదినె వేళ్లు బిగుసుకుపోయాయి. ఎడమ చేత్తో ఒక్కొక్క వేలూ విడదీసుకుని, గంటను కొట్టింది. కొట్టిందంటే మామూలుగా కాదు. గైడు ఇల్లు కింద నది ఒడ్డునుంది కదా, వాళ్లావిడ అక్కడినుంచి విన్నానంది తర్వాత. రఘునాథపల్లి అత్తగారు దాచుకున్న దగ్గంతా దగ్గింది. వంటమాస్టర్ స్టవ్వు వెలిగించాడు. నేను జేబులోంచి విజిల్ తీసి ఊపిరున్నంత వరకూ ఊదాను, ఎందుకు ఊదానని అడగకండి.

ఆ పూట అన్నం మెత్తగా ఉడికింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డలు కాస్త లావయ్యాయి. తిని, మూటలు కట్టి దిగడం మొదలుపెట్టాం. దిగడంలో మోకాళ్లు పట్టేసి ఒక్కొక్కరే మాట తగ్గించారు. కొంతదూరం పోయేసరికి చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరికంటే ముందు నడుస్తున్న అక్క ఆగింది. దిగేముందు చలిగాలికని చెవుల్లో పెట్టుకున్న దూది తీసి పారేసి, వెనక్కి తిరిగింది.

"వదినె, గా మార్కెట్ యార్డు ముచ్చట ఏడ ఆపినవ్? నేను సరిగ్గ ఇనలే. మొదటి సంది చెప్పు."